7.8 శాతంలో లేనివాళ్ళు

అమెరికా ఉద్యోగాల లెక్క సాధారణంగా నెలలో మొదటి శుక్రవారం వస్తుంది. ఇక్కడ తూర్పు తీరంలో పొద్దున్న ఎనిమిదిన్నర అంటే వేసవిలో మీకు సాయంత్రం ఆరు, చలికాలంలో ఏడు. టీవీ అడుగున ఆ అంకె పరుగెత్తగానే పాలకొల్లు నుంచో అమలాపురం నుంచో ఫోను. "అక్కడ నిరుద్యోగం తగ్గిపోయిందంటన్నారు, నీకింకా ప్రాజెక్టు రాలేదేంట్రా?" న్యాయమైన ప్రశ్నే. ఆ అంకె ఎలా కడతారో తెలిస్తే జవాబు అందులోనే దొరుకుతుంది.

2012 అక్టోబరు 5న వచ్చిన లెక్కే చూడండి. అధ్యక్ష ఎన్నికకి నెల రోజులుంది. నిరుద్యోగం 8.1 నుంచి 7.8 శాతానికి దిగింది. ఒబామా పదవిలోకి వచ్చిన 2009 జనవరిలో ఉన్నదీ 7.8 శాతమే, మధ్యలో అది 10 దాకా వెళ్ళింది. జనరల్ ఎలక్ట్రిక్ మాజీ అధిపతి జాక్ వెల్చ్ ఈ అంకె నమ్మేలా లేదని, గెలవడానికి ఒబామా మనుషులు ఏమైనా చేస్తారని ట్వీట్ చేశాడు. ఇక టీవీల్లో రోజుల తరబడి అదే రచ్చ.

అనుమానం రావడానికి కారణం ఉంది. అదే రోజు రెండు అంకెలు వచ్చాయి. సంస్థల జీతాల పట్టికలు చూసి కట్టిన లెక్కలో పెరిగిన ఉద్యోగాలు 1,14,000. దాదాపు 60,000 ఇళ్ళని అడిగి కట్టిన లెక్కలో పని దొరికినవాళ్ళు 8,73,000 మంది పెరిగారు. నిరుద్యోగ శాతం ఈ రెండో లెక్క నుంచే వస్తుంది. అడిగే ఇళ్ళు తక్కువ కాబట్టి ఒక్కో నెల అది ఇలా ఎగిరిపడుతుంది, అందులో కుట్రేమీ లేదు. కానీ అదే నెలలో ఫుల్‌టైమ్ దొరక్క పార్ట్‌టైమ్‌తో సరిపెట్టుకున్నవాళ్ళు 80 లక్షల నుంచి 86 లక్షలయ్యారు. వాళ్ళనీ, విసిగిపోయి వెతకడం మానేసినవాళ్ళనీ కలిపితే శాతం 14.7. 'కోలుకుంటున్నాం' అన్న పార్టీ 7.8 పట్టుకుంది, 'ఏం కోలుకున్నాం' అన్న పార్టీ 14.7 పట్టుకుంది. రెండూ ప్రభుత్వ పట్టికలోవే.

నిరుద్యోగి అనిపించుకోవాలంటే పని లేకపోవడం ఒక్కటే చాలదు. నెలలో 12వ తేదీ ఉన్న వారంతో ముగిసే నాలుగు వారాల్లో గట్టిగా పని వెతికి ఉండాలి, ఇస్తే చేరడానికి సిద్ధంగా ఉండాలి. నిరుద్యోగ భృతి తీసుకుంటున్నాడా లేదా అన్నదానితో సంబంధం లేదు. మనవాళ్ళలో చాలామంది జారిపోయేది ఇక్కడే.

భీమవరంలో ఇంజనీరింగ్ చదివి, పెళ్ళయ్యాక హెచ్-4 మీద, అంటే హెచ్-1బి ఉద్యోగ వీసా ఉన్నవాడి భార్యకిచ్చే వీసా మీద, వచ్చిన అమ్మాయిని తీసుకోండి. 2012లో ఆమెకి పని చేసే హక్కే లేదు. గ్రీన్‌కార్డు వరుసలో కొంత దూరం వచ్చినవాళ్ళ భార్యలకైనా ఆ అనుమతి మొదలైంది 2015 మే 26న. అంతకుముందు లెక్కలో ఆమె ఉద్యోగీ కాదు, నిరుద్యోగీ కాదు. చదువు మొత్తం వంటింట్లో ఉండిపోయినా 7.8లో పిసరంత తేడా రాలేదు.

హెచ్-1బి మీద ఉండి ఉద్యోగం పోయినవాడి సంగతి ఇంకా కష్టం. ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి ఇప్పుడున్న 60 రోజుల గడువు 2017 జనవరిలో వచ్చింది. అంతకుముందు చట్టప్రకారం ఒక్క రోజు కూడా లేదు. వెంటనే ఇంకో కంపెనీ కాగితాలు వేయాలి, లేదా విమానం ఎక్కాలి. ఎక్కాడంటే మళ్ళీ సర్వే వచ్చేసరికి అతను భీమవరం పక్కన ఉండి ఊళ్ళో ఉంటాడు. అమెరికా లెక్కలోంచి మనిషే పోయాడు, అతని నిరుద్యోగమూ పోయింది. అమెరికా రావడానికి చేసిన అప్పు మాత్రం ఊళ్ళో కాగితం మీద అలాగే ఉంది. ప్రాజెక్టు లేక, జీతం లేకుండా బెంచ్ మీద కూర్చున్నవాడూ సంస్థల లెక్కలో కనపడడు. అసలు హెచ్-1బి వాళ్ళని అలా కూర్చోబెట్టడమే చట్టవిరుద్ధం. పే స్టబ్‌లు, అంటే జీతం రసీదులు, లేకపోతే తర్వాత వేరే కంపెనీకి ట్రాన్స్‌ఫర్ దగ్గరా ఇబ్బందే.

అందుకే మన పిల్లల వరకు నిరుద్యోగ శాతం కంటే ఏడాదికిచ్చే హెచ్-1బి వీసాల కోటా ఎంత వేగంగా నిండిందన్నది ఆ రోజుల్లో మంచి గుర్తుగా ఉండేది. అప్పట్లో కోటా తెరిచేది ఏప్రిల్ 1న. 2008లో మొదటి వారంలోనే అయిపోయింది. 2009లో నిండడానికి డిసెంబరు 21 దాకా పట్టింది. 2010లో తెరిచింది 2011 జనవరి 26న ముగిసింది. తర్వాత నవంబరు 22, ఆ పై ఏడు జూన్ 11. 2013లో మళ్ళీ మొదటి వారంలోనే నిండి లాటరీ తీశారు. దేశం మొత్తంమీద పోయిన ఉద్యోగాలన్నీ తిరిగొచ్చింది 2014 మేలో. ఐటీ అంతకు ఏడాది ముందే లేచిందన్నమాట.

అమెరికా కొనే మన రొయ్య ధరను మాత్రం ఈ ఉద్యోగాల లెక్కకి ముడిపెట్టకండి. 2013లో వనామీ రొయ్య రేటు ఎగిసింది అమెరికా కోలుకున్నందుకని చాలామంది అనుకున్నారు. అసలు కారణం థాయ్‌లాండ్ చెరువుల్లో ఈఎంఎస్ తెగులు వచ్చి అక్కడి సరుకు పడిపోవడం.

ఇంకో మాట, మొదటి శుక్రవారం అంకె ఆఖరి అంకె కాదు. ఆలస్యంగా జవాబిచ్చిన సంస్థల వివరాలు తర్వాతి రెండు నెలల్లో చేరతాయి. 2012 ఆగస్టుకి మొదట చెప్పింది 96,000, నెల తిరిగేసరికి 1,42,000 చేశారు. 2025లో మే, జూన్ నెలలవి కలిపి 2,58,000 తగ్గించారు. ఆ సవరణ వచ్చిన ఆగస్టు 1నే ట్రంప్ ఈ లెక్క కట్టే ప్రభుత్వ గణాంక సంస్థ కమిషనర్ ఎరికా మెక్‌ఎంటార్ఫర్‌ని తీసేశాడు. సవరించడం ఆ లెక్క కట్టే పద్ధతిలో భాగం, దానికి అధికారిని బలిచేయడం అన్యాయం.

పట్టికలో మీరు వెతకాల్సింది 'కంప్యూటర్ సిస్టమ్స్ డిజైన్' అనే వరుస. సంస్థల లెక్కలో బీ-1 పట్టికలో ఉంటుంది. దాని పక్కన తాత్కాలిక ఉద్యోగాల వరుస కూడా చూడండి, కంపెనీలు ధైర్యం చేసేముందు కాంట్రాక్టు మీదే తీసుకుంటాయి. ఒక్క నెల చూసి, పిల్లాణ్ణి అమెరికా పంపడానికి పొలం తాకట్టు పెట్టకండి. సవరణలు కలుపుకుని మూడు నెలలు ఆ రెండు వరుసలూ పెరిగాక, అప్పుడు బ్యాంకుకి వెళ్ళండి.