మనం పోయాక ఎంత ఖర్చు? బొగ్గు గని బాండ్‌తో నా అనుభవం

మొన్న శుక్రవారం సాయంత్రం మా గని విస్తరణ పర్మిట్‌తో పాటు భూమి పునరుద్ధరణ బాండ్ కూడా ఆమోదమైనట్టు మెయిల్ వచ్చింది. మంట చల్లారకముందే రాసేస్తున్నాను.

నేను కొత్తగూడెంలో మైనింగ్ చదివాను. ఇప్పుడు అమెరికాలోని పౌడర్ రివర్ బేసిన్ అనే బొగ్గు ప్రాంతంలో ఒక ఓపెన్‌కాస్ట్ (పైనుంచి గుంతలా తవ్వే) గనికి పర్మిట్ల పని చూస్తాను. నీళ్లు, నేల, జంతువుల సర్వేలు కన్సల్టెంట్లు చేసిపెట్టారు. మ్యాపులు మా సర్వేయర్లు గీశారు. వాటితో ఏ గొడవా లేదు.

పత్రికా ప్రకటన దగ్గర మొదటి దెబ్బ. పర్మిట్‌కు దరఖాస్తు పెట్టామని స్థానిక పత్రికలో వారానికోసారి చొప్పున వరసగా 4 వారాలు రావాలి. మూడో వారం వాళ్లు వేయడం మరిచిపోయారు. వరస తెగింది కాబట్టి మళ్లీ మొదటి నుంచి. ఆఖరి ప్రకటన తర్వాత అభ్యంతరాలకు ఇంకో 30 రోజులు. బిల్లు మాత్రం ఆరు వారాలకూ పంపారు! ప్రతి వారం పత్రిక కొని ఆ పేజీ మీ కళ్లతో చూసుకోండి, ఎవరి మాటా నమ్మకండి.

అసలు పరువు పోయింది బాండ్ లెక్కలో. 1977 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం, కంపెనీ గనిని వదిలేసి పోయినా గుంత పూడ్చి, పైమట్టి పరిచి, గడ్డి మొలిపించడానికి సరిపడా హామీ ప్రభుత్వం చేతిలో ఉండాలి. ఆ హామీయే ఈ బాండ్.

నాకు అలవాటైన పద్ధతి వేరు. మన దేశంలో 2009 నాటి గని మూసివేత మార్గదర్శకాల్లో ఓపెన్‌కాస్ట్‌కు హెక్టారుకు 6 లక్షల రూపాయలు అన్నారు. దాన్ని ధరల సూచీతో పెంచి ఎస్క్రో ఖాతాలో (అనుమతి లేకుండా మనం తీయలేని ఖాతా) వేయడమే. గుణకారం వస్తే చాలు. ఇక్కడ మట్టిని ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ యంత్రంతో తోస్తారో అంతా లెక్క కట్టాలి. రెండు వారాలు కూర్చుని కట్టాను. మా డ్రాగ్‌లైన్ (మట్టి తోడే భారీ యంత్రం), మా డంపర్లు, మా ఆపరేటర్ల జీతాలు, అన్నీ పైసలతో సహా. లోలోపల గర్వపడ్డాను కూడా.

వీడియో మీటింగులో మా మేనేజరు, ఇంకో ఆరుగురు ఉన్నారు. ప్రభుత్వం తరఫున లెక్కలు పరిశీలించే ఆవిడ మొదటి పేజీ దగ్గరే ఆగింది.

"ఈ డ్రాగ్‌లైన్ ఎవరిది?"

"మాదే."

"మీరు దివాలా తీశాక?"

అర్థం కాలేదు. "బ్యాంకువాళ్లదేమో" అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు.

"మీరుండగా అయ్యే ఖర్చు నాకక్కర్లేదు. మీరు పోయాక బయటి కాంట్రాక్టరు వచ్చి చేస్తే ఎంతవుతుందో చెప్పండి."

అక్కడితో వదల్లేదు. నేను గుంత చిన్నగా ఉండే రోజు తీసుకున్నాను; గుంత అన్నిటికంటే పెద్దగా తెరుచుకుని ఉన్న రోజు కావాలంది. యంత్రాలు తెచ్చి, తిరిగి పంపే ఖర్చేది? కాంట్రాక్టరు లాభమేది? అనుకోని ఖర్చులేవి? మా మేనేజరు తలెత్తకుండా కాఫీ కప్పులోకే చూస్తున్నాడు. బతికుండగానే మన దినాల ఖర్చు, వంటవాళ్ల కూలి, టెంటు అద్దెతో సహా మనచేతే రాయించినట్టుంది.

ఆవిడ మీద కోపం ఇంకా పోలేదు. అలాగని ఆవిడ అడిగింది తప్పూ కాదు. పెద్ద బొగ్గు కంపెనీలే 2015 ఆగస్టులో ఆల్ఫా, 2016 జనవరిలో ఆర్చ్, ఏప్రిల్‌లో పీబాడీ దివాలా పిటిషన్లు వేశాయి. 'మా ఆస్తులు చూసి నమ్మండి' అనే సెల్ఫ్ బాండ్ల మీద అప్పుడే అందరికీ టెన్షన్ పట్టుకుంది. పీబాడీ అంతటిదే పడితే మేమెంత?

కొత్త లెక్కలో మొత్తం దాదాపు రెట్టింపైంది. ప్రీమియం తీసుకుని మా తరఫున ఆ హామీ ఇచ్చే స్యూరిటీ కంపెనీ వెంటనే మొహం మార్చింది. పెరిగినదాంట్లో కొంత నగదుగా తమ దగ్గర పెట్టమంది. హామీ ఇచ్చేవాడికి మనం హామీ ఇవ్వాలన్నమాట! ప్రీమియం మాత్రం తగ్గదు.

ఈ బాండ్ అంత తేలిగ్గా విడుదల కాదు కూడా. గుంత పూడ్చి, నేల చదును చేసి, నీటి దారులు సరిచేస్తే 60 శాతం దాకా వదులుతారు. పూర్తిగా చేతికి రావాలంటే, 26 అంగుళాలకు మించి వాన పడని మా ప్రాంతంలో, ఆఖరి విత్తనం చల్లాక 10 ఏళ్లు ఆగాలి. నాకిప్పుడు 47.

ఎక్సెల్ ఫైలుకు 'మనం పోయాక' అని తెలుగులో పేరు పెట్టుకున్నాను. మేనేజరు చూసి అర్థమేంటని అడిగాడు. 'ఫైనల్' అని చెప్పాను.