నీళ్ల ట్యాంకు పక్కన గోడపత్రిక

పాత బ్యాచులోళ్లకు యాదికి ఉండే ఉంటది. మన బడి గోడపత్రిక మొదట్లో స్టాఫ్ రూము పక్కన ఉండేది. రెండు డ్రాయింగ్ షీట్లు, స్కెచ్ పెన్ను హెడ్డింగులు, ఒక మూలకు బతుకమ్మ బొమ్మ. రాసినోళ్లే చదువుకునేటోళ్లు. తర్వాత దాన్ని నీళ్ల ట్యాంకు దగ్గరికి మార్చిన్రు. ఇంటర్‌వెల్‌ల వంతు కోసం నిలబడ్డ పిల్లలంతా చదవడం మొదలుపెట్టిన్రు. రాత అదే, మారింది జాగ. ఇప్పుడు నెట్‌ల తెలుగు రాస్తున్న మన పిల్లలు, రిటైరై కలం పట్టిన మన తోటోళ్లు "ఎవరూ చదువుతలేరు" అంటే ముందు చూసుకోవాల్సింది ఆ జాగనే.

రామప్పకు 2021ల యునెస్కో గుర్తింపు వచ్చిన కాన్నుంచి దానిమీద వ్యాసాలకు లెక్కలేదు. అన్నిట్లో అదే నీళ్లల్ల తేలే ఇటుక. ఆ వరుసల ఇంకోటి చేరిస్తే వెతికేటోళ్ల కంట పడదు. బతుకమ్మ తొమ్మిది రోజుల పేర్ల సంగతీ అంతే. దానికి బదులు గునుగు పూలకు రంగు ఎట్ల అద్దాలో రాయండి. కాడలు సమానంగ కత్తిరించి, చిన్న చిన్న కట్టలు కట్టి, రంగు కలిపిన నీళ్లల్ల తలల వరకే ముంచి, దులిపి, ఆరబెట్టాలి. తడి ఆరకముందే పేరిస్తే పక్కనున్న తంగేడుకు రంగు అంటుకుంటది. ఎక్కడో దూరదేశంల ఉన్న ఆడబిడ్డ వెతికేది ఇదే. అమ్మకు ఫోన్ చేస్తే "కొంచెం రంగు కలుపు బిడ్డా" అంటది. ఆ కొంచెం ఎన్ని చెంచాలో, ఎన్ని నీళ్లకో కొలిచి రాసినోళ్లనే జనం మళ్లీ వెతుక్కుంటూ వస్తరు.

అది ఎప్పుడు రావాలన్నది ఇంకో లెక్క. ఎంగిలి పూల బతుకమ్మ భాద్రపద అమావాస్యకు. ఆ రోజు పొద్దున పోస్టు పెడితే గూగుల్‌కు అది తెలిసేసరికి సద్దుల బతుకమ్మ కూడ అయిపోవచ్చు. కొత్త సైటు అయితే వెతుకులాటల కనబడడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడ్తది. వినాయక చవితికి పెడితే ఇరవై అయిదు రోజుల దాకా వ్యవధి దొరుకుతది. మేడారం జాతర రెండేండ్లకోసారి, మాఘ మాసంల. దాని గురించి రాసేది సంక్రాంతి దాటకముందే పెట్టాలె. సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ పనిముట్టుల సైటు నమోదు చేసి సైట్‌మ్యాప్ (సైటుల ఉన్న పేజీల జాబితా) ఇస్తే ఇంకొంత తొందరగ కదులుతది. ఏ మాటతో వెతికి మీ దగ్గరికి వచ్చిన్రో కూడ అక్కడే తెలుస్తది. చాలామంది తెలుగు మాటనే ఇంగ్లీషు అక్షరాలల్ల కొడ్తరు. అది చూసినంక హెడ్డింగు పెట్టే తీరే మారుతది.

ఇగ లింకు. దీన్ని ఎవరూ పట్టించుకోరు గాని సగం మంది ఇక్కడనే జారిపోతరు. లింకు అడ్రసుల ఒక్కో తెలుగు సంకేతం (అక్షరం, సున్న, పొల్లు, ఏదైనా) తొమ్మిది గుర్తులైతది. "వరంగల్" అంటే వ, ర, సున్న, గ, ల, పొల్లు కలిపి ఆరు. అంటే యాభై నాలుగు గుర్తులు. హెడ్డింగు మొత్తం అట్ల మారితే వాట్సాప్‌ల అరపేజీ శాతం (%) గుర్తులు కనబడ్తయ్. వైరస్సేమో అని ఎవరూ ముట్టరు. బ్లాగు రాసుకునే వర్డ్‌ప్రెస్‌ల ఇట్లయితది. గూగుల్ వాళ్ల బ్లాగర్ అయితే లింకుల తెలుగు అక్షరాలను తీసేసి, అన్నిటికీ ఒకే తీరు పేరు, చివర ఒక నంబరు పెడ్తది. రెండింటికీ మందు ఒక్కటే: పబ్లిష్ కొట్టకముందే పర్మలింకును (ఆ వ్యాసం అడ్రసును) ఇంగ్లీషు అక్షరాలల్ల మూడు నాలుగు మాటలకు కుదించాలె. తర్వాత మారిస్తే అప్పటికే పంచుకున్న లింకులు పనిచేయకుండ పోయే ప్రమాదం ఉంటది.

పాత డీటీపీ ఫైళ్లున్నోళ్లకు ఇంకో తలనొప్పి. డీటీపీల వాడే అను ఫాంట్ల కొట్టిన వ్యాసం యూనికోడ్ (ఫోన్లు, సైట్లు చదివే అక్షరాల పద్ధతి) కాదు. నేరుగ అతికిస్తే పిచ్చి గీతలొస్తయ్, కన్వర్టర్‌ల వేస్తే వత్తులు అటుఇటు అయితయ్. మార్చినంక ఒక్కో పేరా గొంతెత్తి చదివి దిద్దాల్సిందే. ఫొటో తీసి పెడ్త అంటే కుదరదు, బొమ్మల ఉన్న అక్షరం వెతుకులాటకు అంత తేలికగ అందదు.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టుల (ఒకే సందేశం అందరికీ విడివిడిగ పోయే లిస్టుల) 256 మంది పడ్తరు. మీ నంబరు సేవ్ చేసుకున్నోళ్లకే అది చేరుతది. "పంపిన, రాలేదంటరేంది" అనే గొడవకు కారణం ఇదే. అన్ని గ్రూపులల్ల లింకు పడేసుడు కన్నా, ముప్పై మందిని నంబరు సేవ్ చేసుకోమని అడుగుడు నయం. వ్యాసం మొత్తాన్ని కాపీ చేసి పంపేటోళ్లు చివర ఉన్న పేరును కోసేస్తరు, అందుకే మీ పేరు, ఊరు మొదటి రెండు పేరాలల్లనే ఏదో వాక్యంల కలిసిపోవాలె.

చుట్టాలు "బాగుంది" అంటరు, దాంతో అయ్యేదేం లేదు. ఒక్కరిని కూసోబెట్టి "ఎక్కడ చదువుడు ఆపినవ్?" అని అడగండి. సాధారణంగ మొదటి పేరాలనే, ఉపోద్ఘాతం దగ్గర. దాన్ని కొట్టేసి రెండో పేరా నుంచి మొదలుపెడితే చాలాసార్లు సరిపోతది. వారం వారం రాస్త అని మాటిచ్చేటోళ్లు నాలుగు వ్యాసాలు చేతిల పెట్టుకుని మొదలుపెట్టాలె. పెండ్లిళ్ల సీజన్ల, పరీక్షలప్పుడు ఆ నిల్వనే కాపాడుతది. ఇనుగుర్తి అసొంటి ఊరి నుంచి ఒద్దిరాజు సోదరులు 1922ల తెనుగు పత్రిక తెచ్చిన్రు. రాసుడు, అక్షరాలు కూర్చుడు, అచ్చు వేసుడు అన్నీ వాళ్లే. మనకు ఆ అక్షరాలు కూర్చే బాధన్న తప్పింది.

ఒక నకలు మాత్రం మీ దగ్గర పెట్టుకోండి. ఫేస్‌బుక్ అసొంటి గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌ల మూతపడ్డప్పుడు దింపుకోనోళ్ల రాతలు దాంతోనే పోయినయ్. నెలకోసారి మీ బ్లాగుల ఎక్స్‌పోర్ట్ నొక్కి, వచ్చిన ఫైలును పెన్‌డ్రైవ్‌ల ఒకటి, మెయిల్‌ల ఒకటి వేసుకోండి. బొమ్మలు చాలాసార్లు ఆ ఫైలుల రావు, వాటిని వేరే ఫోల్డర్‌ల దాచుకోవాలె.