డబ్బా మీద నీలం రంగు తేనెటీగకు వర్తించదు

పత్తికి రసం పీల్చే పురుగు పడితే కొట్టే థయామెథాక్సామ్ 25 డబ్ల్యూజీ (నూటికి 25 పాళ్లు అసలు మందు ఉండే గుళికల మందు) ప్యాకెట్‌ను ఒకసారి తిప్పి చూడండి. మూల మీద నిలబెట్టిన చదరం ఒకటి కనిపిస్తుంది. కింది సగం నీలం. పురుగుమందుల నిబంధనలు, 1971 ప్రకారం వేసిన గుర్తు అది. నోటి ద్వారా ఇస్తే సగం ఎలుకలు చావడానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు పడుతుందో చూసి ఆ రంగు ఇస్తారు: 50 వరకు ఎరుపు, 500 వరకు పసుపు, 5000 వరకు నీలం, ఆపైన ఆకుపచ్చ. థయామెథాక్సామ్‌కు ఆ అంకె దాదాపు 1560. అందుకే నీలం.

అదే మందు తేనెటీగ కడుపులోకి పోతే 5 నానోగ్రాములు (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లో వంతు) చాలు, సగం ఈగలు పోతాయి. ఎకరాకు 40 గ్రాములు వాడితే అందులో అసలు మందు 10 గ్రాములు. లెక్క కడితే 200 కోట్ల ఈగల మోతాదు. అంతా ఈగల నోట్లోకి పోదు, నిజమే. కానీ ఆ నీలం రంగు చూసి ‘ఇది మెత్తటి మందు’ అనుకునేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు.

‘లేబుల్ మీద తేనెటీగల హెచ్చరిక పెద్దక్షరాల్లో వేయిస్తే సరి’ అనే మాట తరచూ వింటాం. వేయించినా ఫలితం తక్కువే. పురుగుమందుల చట్టం, 1968లో సెక్షన్ 38 చదివితే కారణం తెలుస్తుంది. సొంత ఇంటి అవసరానికి, పెరటి తోటకు, తాను సాగుచేసే భూమికి మందు వాడుకునే మనిషికి ఈ చట్టం వర్తించదని అక్కడే రాసి ఉంది. అంటే తయారు చేసేవాడు, అమ్మేవాడు చట్టం కింద ఉన్నారు, పంపు భుజాన వేసుకున్నవాడు లేడు. పూత మీద పొద్దున తొమ్మిదింటికి కొట్టినా ఈ చట్టం కింద అది నేరం కాదు. 500 కోట్లతో మొదలైన జాతీయ తేనెటీగల మిషన్ పెట్టెలిస్తుంది, శిక్షణ ఇస్తుంది. పిచికారీ వేళ దాని పరిధిలోది కాదు.

జర్మనీ 1992లో తెచ్చిన తేనెటీగల రక్షణ నిబంధన దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. అది నేరుగా మందు కొట్టేవాణ్ణే పట్టుకుంటుంది. మందులకు, ఈగలకు ప్రమాదమైన బీ1 నుంచి ప్రమాదం లేదనుకునే బీ4 దాకా తరగతులు పెట్టారు. బీ1 మందు పూతలో ఉన్న మొక్క మీద పడకూడదు. పూత అంటే ఏమిటో కూడా నిర్వచించారు: విచ్చిన పువ్వు ఉన్న ఏ మొక్కయినా పూతలో ఉన్నట్టే. హాప్స్ (బీరు తయారీలో వాడే తీగ పంట), బంగాళాదుంపలకు మాత్రం మినహాయింపు. గట్టు మీద కలుపు పూసినా లెక్కలోకి వస్తుంది. మన చేలల్లో అయితే గడ్డిచామంతి ఒక్కటి చాలు, పొలమంతా ‘పూత’ కిందికి వచ్చేస్తుంది. బీ2 మందును ఆ రోజుకు ఈగల తిరుగుడు ఆగాక, రాత్రి 11 గంటల లోపు కొట్టాలి. తేనెపెట్టెలకు 60 మీటర్ల లోపల ఈగలు తిరిగే వేళ కొట్టాలంటే పెంపకందారు ఒప్పుకోవాలి.

ఆ నిబంధనలో నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటుంది: పువ్వు లేకపోయినా ఈగలు వాలుతున్న మొక్క అయితే నిషేధం వర్తిస్తుంది. పత్తి ఆకు తిప్పి నడి ఈనె చూడండి. ఈనె మీద చిన్న గుంట ఉంటుంది, అందులోంచి తీపి రసం ఊరుతుంది. పువ్వు విచ్చకముందే ఈగలు పత్తి చేలోకి వచ్చేది దానికోసమే. ‘పూతలో కొట్టొద్దు’ అని మాత్రమే రాసిన చట్టం ఇక్కడ పనికిరాదు.

ట్యాంకులో కలిపే అలవాటు ఇంకో చిక్కు. విడిగా బీ4లో ఉండే, అంటే ప్రమాదం లేదనుకునే పైరెథ్రాయిడ్ తరగతి పురుగుమందులు కొన్ని, టెబ్యుకొనజోల్ లాంటి అజోల్ తెగులు మందుతో కలిస్తే జర్మనీలో ఈగలు ఆగాకే కొట్టాలి. ఈగ ఒంట్లో విషాన్ని విరిచే ఎంజైములను అజోల్ కట్టేస్తుంది కాబట్టి మామూలుగా తట్టుకునే మోతాదే చంపేస్తుంది. మన దగ్గర కూలి ఖర్చు మిగులుతుందని రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో పోయడం రోజువారీ పని.

ఇంత రాసిపెట్టుకున్న జర్మనీ కూడా 2008 వసంతంలో దెబ్బ తింది. ఎగువ రైన్ లోయలో క్లోథియానిడిన్ (థయామెథాక్సామ్ జాతి పురుగుమందే) పట్టించిన మొక్కజొన్న విత్తనం గాలి ఒత్తిడితో నడిచే యంత్రాలతో వేశారు. మందు గింజకు గట్టిగా అంటలేదు, రాలి దుమ్మయింది. యంత్రం ఊదేసే గాలితో ఆ దుమ్ము పక్కనున్న పూల మీదికి పోయింది. 11 వేలకు పైగా తేనెటీగల కుటుంబాలు దెబ్బతిన్నాయి. ఎవరూ పిచికారీ చేయలేదు, కాబట్టి పిచికారీ వేళల మీద రాసిన నియమం ఏదీ దాన్ని ఆపలేకపోయింది. తర్వాతే గింజ నుంచి ఎంత దుమ్ము రాలవచ్చో పరిమితి పెట్టడం, యంత్రం గాలిని నేలవైపు మళ్లించే గొట్టాలు బిగించడం వచ్చాయి.

ఐరోపా సమాఖ్య 2018లో ఒకే జాతికి చెందిన ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్‌లను ఆరుబయట వాడొద్దంది. శాశ్వత గ్రీన్‌హౌసుల్లో మాత్రం అప్పటికి వదిలింది. వెంటనే కొన్ని దేశాలు 120 రోజుల ‘అత్యవసర అనుమతి’ అనే సందు వాడుకుని చక్కెర దుంప విత్తనానికి వీటినే పట్టించాయి. నిషేధించిన మందు పట్టించిన విత్తనానికి ఆ సందు చెల్లదని ఐరోపా న్యాయస్థానం 2023 జనవరిలో తేల్చింది. ఫ్రాన్స్ 2021 నవంబరులో ఇంకో దారి పట్టింది: పూతలో ఉన్న పైరు మీద సూర్యాస్తమయానికి 2 గంటల ముందు నుంచి 3 గంటల తర్వాత దాకానే పిచికారీ. కొన్ని మినహాయింపులున్నా, వాచీ చూసి పట్టుకోగలిగే నియమం అది.

మనం ఇలాంటిది రాసుకోవాలంటే ముందు సెక్షన్ 38 సవరించాలి. ఆ తర్వాత జర్మన్ వాక్యాల్ని దించుకుంటే మాత్రం కుదరదు. వాళ్ల 60 మీటర్ల నియమానికి పెట్టె ఉండాలి, పెట్టెకు యజమాని ఉండాలి. మన ఊళ్లలో నీళ్ల ట్యాంకు కింద, మర్రి కొమ్మకు వేలాడే కొండ తేనెటీగల పట్టుకు యజమాని ఎవరు? ఒప్పుకోలు ఎవరిస్తారు? పట్టు ఎక్కడుందో పంచాయతీయే నమోదు చేసి, అనుమతి కూడా తానే చూసుకోవాలి. మామిడి పూతకు వచ్చేది ఎక్కువగా తేనెటీగలు కాని మామూలు ఈగలు, చిన్న కీటకాలు. తేనెటీగ పేరు మాత్రమే రాస్తే నూజివీడు తోటకు ఒరిగేది తక్కువ. మామిడి పూత రసం పీల్చే తేనెమంచు పురుగుకు మందు పూత విచ్చకముందు కొట్టాలనే సలహా ఆ నియమంలోకి ఎక్కాలి.

ఇక ‘ఈగల తిరుగుడు ఆగాక’ అన్న మాట. పెట్టెల్లో పెంచే ఐరోపా జాతికి అది చీకటి పడటం. కొండ తేనెటీగ అలా కాదు, వెన్నెల బాగా ఉంటే రాత్రి కూడా మేతకు వెళ్తుంది. పున్నమికి అటూ ఇటూ కొన్ని రాత్రులకు మన నియమంలో విడిగా ఒక వాక్యం ఉండాలి.