హైడన్ 45వ సింఫనీ: ఎల్పీ చివరి గాడుల దగ్గర పని

ఆస్ట్రియా స్వరకర్త హైడన్ ఎల్పీలను (పాత గ్రామఫోన్ ప్లేట్లను) కడిగి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఈ వారం 45వ సింఫనీ ‘ఫేర్‌వెల్’ (వీడ్కోలు) దాకా వచ్చింది. అంటాల్ డొరాటి నిర్వహణలో ఫిల్‌హార్మోనియా హంగారికా వాయించిన డెక్కా రికార్డింగ్. 1956 తిరుగుబాటు తర్వాత హంగరీ విడిచి వచ్చిన వాద్యకారులతో పుట్టిన ఆర్కెస్ట్రా అది. వాళ్ల చేతుల్లో ఈ వీడ్కోలు వినడం నాకు చాలా ఇష్టం.

వానాకాలం తేమకు ప్లేటు అంచున బూజు చుక్కలు పట్టాయి. నాలుగు పాళ్లు డిస్టిల్డ్ వాటర్‌కి ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపి, మెత్తని బ్రష్‌తో గాడి వెంబడే తిప్పుతూ కడిగాను. లేబుల్ తడవకూడదు. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి కడిగి నిలబెట్టి ఆరబెట్టాను. ఇది ఎల్పీల వినైల్ ప్లాస్టిక్‌కి మాత్రమే. పాత 78 లక్క ప్లేట్లకు ఆల్కహాల్ తగలనివ్వకండి, పాడైపోతాయి.

అసలు పరీక్ష సింఫనీ చివరి భాగంలో, అంటే చివరి మూవ్‌మెంట్‌లో ఉంది. 1772లో ఎస్టర్‌హాజా ప్యాలెస్‌లో ఇంటిమీద బెంగ పెట్టుకున్న వాద్యకారుల కోసం హైడన్ రాసిన అడాజియో, అంటే నెమ్మదిగా సాగే సంగీతం అది. ఒక్కో వాద్యం తన వంతు ముగించి తప్పుకుంటుంది, చివరికి రెండు వయొలిన్లే మిగులుతాయి. వాద్యాలు తగ్గేకొద్దీ ప్లేటు చిటపటలు పైకి తేలతాయి. పైగా చివరి మూవ్‌మెంట్ సాధారణంగా లేబుల్‌కి దగ్గరగా పడుతుంది. బయటి అంచున ముల్లు కింద సెకనుకు 50 సెంటీమీటర్ల గాడి కదిలితే, అక్కడ 21 మాత్రమే. అదే సంగీతం ఇరుకు జాగాలో సర్దుకోవాలి కాబట్టి స్వరం గరగరలాడుతుంది.

అందుకే ముందు కాగితం ప్రొట్రాక్టర్‌తో కార్ట్‌రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) కోణం సరిచేశాను. ముల్లు ప్లేటు మీద మోపే బరువు 2 గ్రాములు పెట్టాను. నా కార్ట్‌రిడ్జ్‌కి 1.8 నుంచి 2.2 వరకు పెట్టవచ్చు. వయొలిన్ల గరగర బాగా తగ్గింది.

రికార్డింగ్ ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో, 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. మొదటి మూవ్‌మెంట్‌లో అన్నిటికన్నా గట్టిగా మోగే చోటు విని, మీటర్ మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా లెవెల్ పెట్టాను. అడాజియోకి నాయిస్ రిడక్షన్ వాడను. అది చిటపటతో పాటు కమాను తీగమీద రాసుకునే చప్పుడునీ తినేస్తుంది. పెద్ద క్లిక్కుల్ని మాత్రం ఒక్కొక్కటే చేత్తో తీస్తున్నాను, ఇంకా సగం ఉన్నాయి.

తర్వాత 46వది, అదే ఏడాది రాసిన బి మేజర్ సింఫనీ. ఆ ప్లేటు కొంచెం వంగినట్టుంది, ముందు ముల్లు ఎగురుతుందేమో చూడాలి.