షూ ర్యాక్ కింద కట్లపాము కాని కట్లపాము – నా అనుభవం

ఇంట్లోకి పాము వస్తే హైదరాబాద్‌లో ఎవరికి ఫోన్ చేయాలి, ఫైర్ వాళ్ళకా పోలీసులకా అని చాలామంది అడుగుతుంటారు, అందుకే మాకు జరిగింది రాస్తున్నా.

మాది అల్వాల్ సైడు, గ్రౌండ్ ఫ్లోర్, పక్కనే ఖాళీ ప్లాటు, దాన్నిండా బండలే. వానలు పడుతున్న టైంలో ఓ రాత్రి షూ ర్యాక్ కింద నల్లగా, తెల్ల పట్టీలతో, మూరెడు కూడా లేని పాము. పక్కింటి అంకుల్ చూడగానే "కట్లపాము పిల్లరా, కర్ర పట్టుకురా" అన్నాడు. భయం సబబే, కట్లపాము కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలీదు, నిద్రలోనే పోయినవాళ్ళున్నారు.

నేను ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ (పాముల్ని చంపకుండా పట్టుకెళ్ళే వాలంటీర్ల సంస్థ) హెల్ప్‌లైన్‌కి చేశా. లొకేషన్, ఫోటో పంపమన్నారు. తర్వాత వాలంటీర్ అబ్బాయి ఫోన్ చేసి "అన్నా, దూరం నుంచే జూమ్ చేసి తీయుండ్రి, ఎవ్వరూ దగ్గరికి పోకుండ్రి, అది ఎటు పోతుందో ఒకరు చూస్తా ఉంటే చాలు" అన్నాడు. చాలు అన్నాడు గానీ అసలు కష్టం అదే, పిల్లల్ని లోపలి రూంలో పెట్టి తలుపు సందులో తడి టవల్ కుక్కి, ఒక కన్ను పాము మీద, ఒక కన్ను అంకుల్ కర్ర మీద పెట్టుకుని కూర్చున్నా.

అబ్బాయి వచ్చి టార్చ్ వేసి చూసి "ఇది బార్డ్ వుల్ఫ్ స్నేక్ అన్నా, విషం లేదు" అన్నాడు. దీనికి ముందు భాగంలో పట్టీలు దూరం దూరంగా ఉండి తోక వైపు పోయేకొద్దీ దగ్గరవుతాయట. పెద్ద కట్లపాముకి సన్న గీతలు, చాలాసార్లు జంటలుగా, తల దగ్గర ఉండీ లేనట్టు ఉంటాయి. కానీ పిల్ల కట్లపాముకి తల దగ్గర నుంచే పట్టీలు ఉండొచ్చు, అందుకని వెన్ను మీది పొలుసులు చూస్తారంట, కట్లపాముకి వెన్ను నడిమి వరుసలో ఒక్కో పొలుసు పెద్దగా, ఆరు మూలలతో ఉంటుంది, దీనికి అన్నీ ఇంచుమించు ఒకే సైజు. ఇంత చెప్పి మళ్ళీ "మీరైతే కట్లపామే అనుకుని దూరంగా ఉండాలె" అన్నాడు, అది నాకు నచ్చింది.

తర్వాత చదివితే తెలిసింది, దీని శాస్త్రీయ నామం లైకోడాన్ స్ట్రియేటస్, 1802లోనే జార్జ్ షా అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త దీని గురించి మొదట రాశాడంట. మన దేశంతో పాటు పాకిస్తాన్, నేపాల్, శ్రీలంకల్లో ఉంది. పాత పుస్తకాల్లో ఇరాన్, తుర్క్‌మెనిస్తాన్ దాకా రాశారు గానీ అటువైపువాటిని ఇప్పుడు వేరే జాతిగా చూస్తున్నారు. ఇంత నేల మీద తిరిగే పాము మన కంట పడదెందుకంటే చిన్నది, రాత్రి తిరుగుతుంది, బల్లులు, నలికిరిలు తింటుంది. కంట పడితే కట్లపాము అని చంపేస్తాం.

డబ్బాలో పెట్టి తీసుకెళ్ళాడు. మేం బాత్రూం డ్రెయిన్‌కి జాలీ వేయించాం, బల్లులు మూగుతున్నాయని వరండా లైటు రాత్రంతా వేయడం మానేశాం.