తెలుగు స్పెల్‌చెకర్ పదాల జాబితా గిట్‌లోకి: ఇప్పటిదాకా అయిన పని

సరంజామా చిన్నదే. హన్‌స్పెల్ అనే స్పెల్‌చెక్ ప్రోగ్రాముకి కావలసిన పదాల ఫైలు ఒకటి, ప్రత్యయాల నియమాలు రాసిన ఫైలు ఒకటి, రెండింటినీ ప్యాకేజీగా కట్టే పైథాన్ స్క్రిప్టు. ఇన్నాళ్లూ ఇవి జిప్‌లుగా మెయిల్లో తిరిగాయి: "కొత్తది", "చివరిది", "చివరిది 2". ఏ పదం ఎప్పుడు చేరింది, ఏది ఎందుకు పోయింది అన్నది ఎక్కడా లేదు. అందుకే ఫైళ్లలో ప్రతి మార్పునీ చరిత్రగా దాచే గిట్‌లోకి మార్చాం.

మొదటి రోజు

గిట్ ఇనిట్ కొట్టి రిపాజిటరీ (గిట్ చరిత్ర దాచే ఫోల్డరు) మొదలుపెట్టగానే జిప్‌లు ఎక్కించకూడదు. మొట్టమొదటి కమిట్‌లో (కమిట్ అంటే గిట్‌లో ఒకసారి నమోదు చేసే మార్పులు) ఫైళ్లని ఎలా నిల్వ చేయాలో చెప్పే గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైలు ఒక్కటే పెట్టాం. టెక్స్ట్ ఫైళ్లన్నిటికీ లైను చివర ఎల్‌ఎఫ్ అనే కనపడని గుర్తు మాత్రమే ఉండాలని అందులో రాశాం. విండోస్‌లో సేవ్ చేసిన ఫైలుకి ప్రతి లైను చివరా సీఆర్ అనే ఇంకో గుర్తు కూడా తగులుకుంటుంది. పదాలు మారకపోయినా తేడాలు చూపే డిఫ్‌లో ఫైలంతా ఎర్రగా, మళ్లీ అంతా పచ్చగా కనిపిస్తుంది. ఆ ఫైలు ముందే ఉంటే, తర్వాత ఎక్కే ప్రతి జిప్పూ ఒకే తీరున నిల్వ అవుతుంది.

ఆ తర్వాత పాతదానితో మొదలుపెట్టి ఒక్కో జిప్పూ విప్పి ఎక్కించాం. ప్రతిసారీ ఫోల్డరు ఖాళీ చేయాలి, లేకపోతే తీసేసిన ఫైళ్లు అలాగే ఉండిపోతాయి. గిట్ ఫోల్డరునీ గిట్‌యాట్రిబ్యూట్స్‌నీ మాత్రం ముట్టుకోకూడదు. కమిట్‌కి డేట్ ఆప్షన్‌తో ఇచ్చే తేదీ రాసినవారి తేదీ మాత్రమే. కమిట్ అయిన తేదీ కూడా పాతదే ఉండాలంటే గిట్ కమిటర్ డేట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విడిగా ఇవ్వాలి.

తెలుగు పేరున్న ఫైలు, ఏ ఫైళ్లు మారాయో చూపే గిట్ స్టేటస్‌లో "\340\260\244" లాంటి అంకెలుగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. అది "త" అక్షరం తాలూకు 3 బైట్లు. కోర్ కోట్‌పాత్ అనే గిట్ సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే తెలుగులోనే చూపిస్తుంది.

రెండో వారం: కంటికి కనపడని తేడాలు

పని ఎక్కువ పట్టింది ఇక్కడే. "సాఫ్ట్‌వేర్" జాబితాలో రెండుసార్లు ఉంది, చూడ్డానికి రెండూ ఒకటే. బైట్లు లెక్కపెడితే ఒకటి 33, ఇంకోటి 36. "ట్" తర్వాత ఉన్న జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే, కనపడని గుర్తు) ఉండి తీరాలి, లేకపోతే "వ" వత్తుగా కిందికి దిగుతుంది. రెండో దాంట్లో చివరి "ర్" తర్వాత కూడా అలాంటిదే ఇంకోటి ఉంది. కొన్ని కీబోర్డులు పొల్లు పడిన ప్రతిచోటా దాన్ని వేసేస్తాయి. అందుకని పదం చివర ఉన్నవే తీసేశాం, మధ్యలోవి వదిలేశాం. అన్నీ ఒకేసారి ఏరిపారేసే స్క్రిప్టు రాస్తే జాబితా పాడవుతుంది.

ఐత్వంతో ఇంకో చిక్కు. "కై"లో ఐత్వం ఒకే కోడ్‌గా ఉండవచ్చు, ఎత్వమూ దానికింది గుర్తూ కలిపి రెండు కోడ్‌లుగానూ ఉండవచ్చు. పైథాన్‌లో యూనికోడ్‌డేటా నార్మలైజ్ ఫంక్షన్‌కి ఎన్‌ఎఫ్‌సి (విడి కోడ్‌లని కలిపే పద్ధతి) ఇస్తే అన్నీ ఒకే కోడ్‌కి వస్తాయి. పాత నోట్‌ప్యాడ్ ఫైలు మొదట్లో పెట్టే బీఓఎమ్ అనే కనపడని గుర్తు కూడా తీసేయాలి, లేకపోతే అది మొదటి లైనుకి అతుక్కుని ఉండిపోతుంది. ఈ శుభ్రమంతా ఒకే కమిట్, అందులో ఒక్క కొత్త పదం కూడా కలపలేదు.

మెర్జ్‌లు

పదాల ఫైలు మొదటి లైన్లో పదాల సంఖ్య ఉంటుంది. ఇద్దరు వేర్వేరు బ్రాంచుల్లో (విడివిడిగా సాగే ప్రతుల్లో) చెరో పదం చేరిస్తే ఇద్దరూ ఆ సంఖ్యని ఒకటే పెంచుతారు. మార్పు ఒకటే కాబట్టి రెండింటినీ కలిపే మెర్జ్‌లో గిట్ గొడవ చేయదు, లెక్క మాత్రం ఒకటి తగ్గుతుంది. పదాల ఫైలుకి అది పెద్ద నష్టం కాదు. ప్రత్యయాల ఫైల్లో అలా కాదు: ప్రతి గుంపు పైనా ఎన్ని నియమాలున్నాయో రాసి ఉంటుంది, ఆ లెక్క ఒకటి తగ్గితే చివరి నియమం పనిచేయదు. అందుకే ఈ రెండు సంఖ్యలనీ రిపాజిటరీలోంచి తీసేశాం, ప్యాకేజీ కట్టేటప్పుడు స్క్రిప్టే లెక్కపెట్టి రాస్తుంది.

పదాల జాబితాకి మెర్జ్ యూనియన్ (రెండు వైపుల లైన్లనీ ఉంచేసే సెట్టింగ్) పెట్టి చూశాం. కాన్‌ఫ్లిక్ట్‌లు (ఒకే చోట రెండు మార్పులు తగిలే గొడవలు) ఆగాయి గానీ, ఒకరు దిద్దిన పదం పక్కనే పాత తప్పు మళ్లీ వచ్చి కూర్చుంది. తీసేశాం. లైనుకో పదం, ఎల్‌సి ఆల్ అనే వేరియబుల్‌ని సి చేసి బైట్ల వరసలో సార్ట్, ఇది చాలు. ఆ క్రమం నిఘంటువు క్రమం కాదు, కానీ ఏ కంప్యూటర్‌లో చేసినా ఒకేలా వస్తుంది.

సార్ట్ చేశాక, ఏ లైను ఏ కమిట్‌లో మారిందో చెప్పే గిట్ బ్లేమ్‌ని నమ్మలేం, లైన్లన్నీ కదిలిపోతాయి. పదం ఎప్పుడు చేరిందో తెలియాలంటే కమిట్‌ల చరిత్ర చూపే గిట్ లాగ్‌కి పెద్ద ఎస్ ఆప్షన్‌తో ఆ పదం ఇవ్వాలి. అది ఆ పదం ఎన్నిసార్లు ఉందన్న లెక్క మారిన కమిట్‌లనే చూపిస్తుంది కాబట్టి సార్ట్ అడ్డు రాదు. "పని" అని వెతికితే "పనివాడు" కూడా లెక్కలోకి వస్తుంది. పికాక్స్ రెజెక్స్ ఆప్షన్ కలిపి, లైను మొదలు, చివర గుర్తులతో పదానికి రెండు కొసలూ కట్టాలి.

ఇంకా ఉన్నవి

పొల్లు, ఐత్వం, సార్ట్ తనిఖీలు ప్రీ కమిట్ హుక్‌లో (కమిట్‌కి ముందు దానంతటదే నడిచే స్క్రిప్టులో) పెట్టాం. రిపాజిటరీని క్లోన్ (నకలు) చేస్తే హుక్‌లు రావు, అది తెలియక రెండు తప్పుడు పదాలు లోపలికొచ్చాయి. ఇప్పుడు వాటిని మామూలు ఫోల్డరులో ఉంచి, ఆ ఫోల్డరుని చూపే కోర్ హుక్స్‌పాత్ సెట్టింగ్ పెట్టుకోమని రీడ్‌మీ మొదటి లైన్లోనే రాశాం. విండోస్ నుంచి చేర్చిన హుక్‌కి ఎగ్జిక్యూట్ అనుమతి ఉండదు, గిట్ అప్‌డేట్ ఇండెక్స్‌తో ఇవ్వాలి. విడుదలకి యానొటేటెడ్ ట్యాగ్ (వివరం రాసిన పేరు గుర్తు) వేశాం. కమిట్‌లని సర్వరుకి పంపే మామూలు పుష్‌తో ట్యాగ్ వెళ్లదు, ఫాలో ట్యాగ్స్ ఆప్షన్ కలపాలి. సేకరించేవాళ్లు పంపే ఎక్సెల్ ఫైళ్లు ఇంకా చేత్తోనే టెక్స్ట్‌లోకి మారుతున్నాయి, వచ్చే నెల ఆ పని.