గోపాల్‌పూర్‌లో తీసిన ఫొటోలు

మా దేవుడి గది పక్కన గోడకు ఒక పాత ఫొటో ఉంటుంది. కుర్చీలో కూర్చున్న మనిషి, పక్కన పూలకుండీ, వెనక తెర. మా ముత్తాత రంగం వెళ్ళాక అక్కడి స్టూడియోలో తీయించుకుని పంపింది. రంగూన్‌ని మా పెద్దవాళ్ళు రంగం అనే అంటారు. ఫొటో వెనక ఒక్క అక్షరం రాసి లేదు. అది ఏ ఏడాదిదో, అప్పటికి ఆయన వయసెంతో చెప్పగలిగేవాళ్ళు ఇంట్లో ఎవరూ మిగల్లేదు.

ఉద్యోగం కోసం కెనడా బయల్దేరడానికి పది రోజుల ముందు, కెమెరా పట్టుకుని నాన్నతో కలిసి ఒడిశాలోని బరంపురం నుంచి ఒక తిరుగుడు తిరిగాను. ఈసారి తీసే ప్రతి ఫొటోకీ ఊరూ, పేరూ, తేదీ రాసుకోవాలని ముందే ఒక చిన్న నోట్‌బుక్ కొన్నాను.

మొదట గోపాల్‌పూర్. తెల్లారి ఐదింటికే చేరాం. ఒకప్పుడు మావైపు జనం రంగం స్టీమరెక్కింది ఈ రేవులోనే. నాన్న చాలాసేపు నీళ్ళవైపే చూస్తూ నిలబడ్డారు. 1942లో జపాను సేనలు బర్మాలోకి వచ్చినప్పుడు వేలమంది కొండదారులు పట్టి నడిచి తిరిగొచ్చారు. మా ముత్తాత రాలేదు.

ఒడ్డున నోలియాలు వల లాగుతున్నారు. గంజాం తీరంలో చేపలు పట్టే ఈ మనుషుల ఇంటి భాష తెలుగే. ఒకావిడ ఇసుకలో కూర్చుని వలలోంచి కవళ్ళ చేపలు ఏరుతోంది. సూర్యుడు అప్పుడే పైకొస్తున్నాడు, చేపల పొలుసుల మీద ఎర్రటి వెలుగు.

"ఫొటో తీసుకోనా అమ్మా?" అన్నాను.

"తీసుకో తల్లీ. వచ్చినోళ్ళందరూ తీసుకుపోతారు. మాకు ఒక్కటీ ఇచ్చినోళ్ళు నేరు."

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఇన్నేళ్ళుగా ఎంతమంది ముఖాలు తీసి ఎక్కడెక్కడో పెట్టానో గుర్తొచ్చింది. వాళ్ళలో ఎవరికీ కాగితం మీద ఒక్క ఫొటో ఇవ్వలేదు. ఆవిడ పేరు, ఇల్లు ఎక్కడో అడిగి రాసుకున్నాను. పంపిస్తానని మాటిచ్చాను.

మర్నాడు రైల్లో నౌపడ దాకా వెళ్ళి, అక్కడ గుణుపురం లైను బండి ఎక్కాం. నౌపడ అంటే ఉప్పు మడులు. తెల్లటి కుప్పల్ని మామూలుగా తీస్తే కెమెరా వాటిని బూడిదరంగు చేసేస్తుంది, అందుకని ఎక్స్‌పోజర్, అంటే ఫొటోకి అందే వెలుగు, కాస్త పెంచి తీశాను. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు లైను ఇదే. 2004 దాకా నేరోగేజ్ మీద నడిచింది. నాన్న చిన్నప్పుడు ఆ బండెక్కారట. ఏ స్టేషన్లో ఏం తిన్నారో చెబుతూనే ఉన్నారు, నేను రాసుకుంటూనే ఉన్నాను. పాతపట్నం దాటితే పర్లాకిమిడే. భాష మారదు, రాష్ట్రం మారుతుంది.

పర్లాకిమిడిలో కోట తీశాను గానీ అది అందరి దగ్గరా ఉండే ఫొటోయే. నాకు నచ్చింది కొమ్ముతో బొమ్మలు చేసే పనివారి చేతులు. కొమ్మును వేడిచేసి వంచి, అరగదీసి, మీసాలతో సహా రొయ్యను చేసేస్తారు. బజారులో నడుస్తుంటే గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఈ ఊళ్ళో పాఠాలు చెబుతూ, సవరల భాష నేర్చుకుని, మనం మాట్లాడే తెలుగు కోసం పోరాడిన మనిషి. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఇక్కడుండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. డెబ్బై దాటిన వయసులో ఆయన ఈ వీధులు ఎలా విడిచి వెళ్ళారోనని ఆలోచిస్తూ ఆ సాయంత్రం కెమెరా బయటికి తీయలేదు.

బయల్దేరే ముందు రాత్రి ఫొటోలన్నీ హార్డ్‌డిస్క్‌లో వేసుకుని, కార్డు ఖాళీ చేశాను. నాన్న పెన్‌డ్రైవ్‌లో కూడా ఒక కాపీ పెట్టాను. టొరంటో చేరాక చూస్తే హార్డ్‌డిస్క్ తెరుచుకోలేదు. గుండె జారిపోయింది. ఇక ఫొటోలు ఇంటి నుంచే నాకు రావాలి. నాన్న వాట్సాప్‌లో పంపారు, కానీ మామూలుగా పంపితే ఫొటో చిన్నదైపోతుంది, తీసిన తేదీ కూడా పోతుంది. ఆరంగుళాలకు నాలుగంగుళాల ప్రింటు చక్కగా రావాలంటే కనీసం 1800కి 1200 పిక్సెల్స్ ఉండాలి. వీడియో కాల్‌లో డాక్యుమెంట్‌గా పంపడం చూపించాను. అక్కడ రాత్రి పదకొండు. అరవై నాలుగేళ్ళ మనిషి ఓపిగ్గా ఒక్కొక్కటే పంపారు. "ఇది ఏ ఊరు తల్లీ?" అని అడుగుతుంటే నోట్‌బుక్ చూసి చెప్పాను. ఆయన ఆ పేర్లు తన దగ్గరా రాసుకున్నారు.

చుట్టాల గ్రూపులో పెట్టేటప్పుడు మాత్రం మా ఇంటి ముందు తీసినవాటికి లొకేషన్ తీసేశాను. అన్నీ అందరికీ తెలియక్కర్లేదు.

పోయిన ఆదివారం నాన్న ప్రింట్లు తీయించుకుని గోపాల్‌పూర్ వెళ్ళారు. ఆవిడ ఇల్లు వెతికి పట్టుకున్నారు. తన ఫొటోను గుండెలకు ఆనించుకుని గుమ్మంలో నిలబడిన ఆవిడను తన ఫోన్‌తో తీసి పంపారు. కాస్త వంకరగా వచ్చింది, నాన్న వేలు ఒక మూల అడ్డం పడింది. దాన్ని ఇక్కడ ప్రింటు తీయించి, వెనక ఆవిడ పేరు, ఊరు, తేదీ, తీసింది నాన్న అని రాసి, నా గదిలో గోడకు పెట్టాను.